బ్రాంచ్ అండ్ బౌండ్: చూడని కొమ్మను కొట్టివేయవచ్చని ఎలా తెలుస్తుంది?

వంశధార, శ్రీకాకుళం

పెద్దలకు నమస్కారం. నేను శ్రీకాకుళంలో ఎంసీఏ చదువుతున్నాను. ఈ సెమిస్టరులో మాకు బ్రాంచ్ అండ్ బౌండ్ పద్ధతి, అంటే లెక్కను కొమ్మలుగా విడదీసి ఒక్కో కొమ్మకు హద్దు వేసి ఉత్తమ సమాధానం వెతికే పద్ధతి, పాఠంగా వచ్చింది. విన్నప్పుడు అర్థమైనట్టే అనిపించింది గాని, సొంతంగా ఒక లెక్క కట్టుకుని చేస్తే తప్పు సమాధానం వచ్చింది. తప్పు ఎక్కడ దొర్లిందో రెండు రోజులుగా వెతుకుతున్నా దొరకలేదు, అందువల్ల లెక్క మొత్తం మీ ముందు పెడుతున్నాను.

మా మామయ్య పలాసలో లోడు వ్యాను నడుపుతారు. ఆయన బండి దగ్గర నిలబడి చూసినదాన్నే లెక్కగా రాసుకున్నాను. సరుకులు అక్కడివే, బరువులూ కిరాయిలూ మాత్రం సులువు కోసం నేను వేసుకున్నవి. వ్యానులో 10 క్వింటాళ్లకు మించి ఎక్కించకూడదు. జీడిపప్పు డబ్బాలు 6 క్వింటాళ్లు, వాటికి కిరాయి 660 రూపాయలు. ఉద్దానం కొబ్బరికాయలు 5 క్వింటాళ్లు, 500 రూపాయలు. పీచు తాళ్లు 5 క్వింటాళ్లు, 480 రూపాయలు. చింతపండు 3 క్వింటాళ్లు, 240 రూపాయలు. ఒక్కో లోడు ఒక్కో షావుకారుది కాబట్టి వేస్తే మొత్తం వేయాలి, లేదా మొత్తం వదిలేయాలి. వచ్చే కిరాయి ఎక్కువగా ఉండాలంటే ఏవి ఎక్కించాలన్నది ప్రశ్న.

పాఠంలో చెప్పినట్టే, ముందుగా లోడును విడదీయవచ్చని అనుకుని లెక్క వేశాను. క్వింటాలుకు ఎక్కువ కిరాయి వచ్చేది జీడిపప్పు, దాన్ని పూర్తిగా వేశాను. మిగిలిన 4 క్వింటాళ్ల చోటులో కొబ్బరికాయలు వేస్తే 400 వచ్చి మొత్తం 1060 అయింది. కొబ్బరికాయల లోడు విడిపోయింది కాబట్టి అక్కడ రెండు కొమ్మలు చేశాను: కొబ్బరికాయలు వేయని కొమ్మ, వేసే కొమ్మ. వేయని కొమ్మలోకి ముందు వెళ్లాను. అక్కడ జీడిపప్పు పోగా మిగిలిన చోటులో 4 క్వింటాళ్ల తాళ్లు పట్టి 1044 వచ్చింది. ఈసారి తాళ్ల లోడు విడిపోయింది కాబట్టి తాళ్లు కూడా వేయని కొమ్మలోకి దిగాను. అక్కడ జీడిపప్పు, చింతపండు రెండూ విడిపోకుండా పట్టి 900 రూపాయలు వచ్చింది. కిందికి దిగేకొద్దీ అంకె తగ్గుతుందే తప్ప పెరగదు కదా, అందుకని మొదట దొరికిన పూర్తి సమాధానమే ఉత్తమమని తలచి అక్కడితో ఆపేశాను.

సాయంత్రం మామయ్యకు ఆ కాగితం చూపిస్తే ఆయన ఒక్క చూపు చూసి, “ఏటమ్మా, కొబ్బరికాయలూ తాళ్లూ ఏసుకుంటే బండి నిండిపోద్ది గదా, 980 ఒస్తాది” అన్నారు. నిజమే, వస్తుంది.

నా సందేహాలు మూడు. నేను ఎక్కడ పొరపడ్డాను? ఒక కొమ్మను లోపలికి వెళ్లి చూడకుండానే కొట్టివేయవచ్చని అంటారు, దానిలో మంచి సమాధానం లేదని చూడకుండా ఎలా తెలుస్తుంది? అన్ని కొమ్మలూ చూడవలసిందే అయితే, ఉన్న 16 కలయికలనూ వరుసగా రాసి చూడడానికీ ఈ పద్ధతికీ తేడా ఏమిటి?

చంపావతి, విజయనగరం

అమ్మా, మీరు లెక్కలో ఎక్కడా తప్పు చేయలేదు. 1060, 1044, 900 మూడూ సరైనవే. పొరపాటు ఆపడంలో ఉంది. చాలా ఏళ్లు గణితం పాఠాలు చెప్పినవాడిగా, చాలామంది విద్యార్థులు సరిగ్గా ఇక్కడే ఆగిపోవడం చూశాను, కాబట్టి కొంచెం నిదానంగా రాస్తాను.

మీ కాగితం మీద రెండు జాతుల అంకెలు ఉన్నాయి, మీరు వాటిని ఒకే వరుసలో చూశారు. 900 అనేది చేతికి వచ్చిన కిరాయి. జీడిపప్పు, చింతపండు ఎక్కించి బండి కదిలిస్తే ఆ డబ్బు నిజంగా వస్తుంది. 1060, 1044 అలాంటివి కావు. అవి ఆ కొమ్మ మనకు చూపగలిగిన ఆశకు హద్దులు. ఈ కొమ్మలో ఎంత వెతికినా ఇంతకు మించి రాదు అని అవి చెబుతాయి గాని, అంత వస్తుందని చెప్పవు. కిందికి దిగేకొద్దీ అంకె పెరగదన్న మీ మాట ఒకే దారిలో దిగుతున్నంతవరకే నిజం. పక్క కొమ్మలో ఏముందో ఈ కొమ్మలో దిగిన దారి చెప్పలేదు.

ఇక మీ రెండవ సందేహం, ఈ పద్ధతి మొత్తానికి ప్రాణం అదే. లోడును విడదీయడానికి షావుకార్లందరూ ఒప్పుకున్నారని అనుకోండి. విడదీయకుండా చేయగలిగిన ఎక్కింపులన్నీ అప్పుడు కూడా చేయవచ్చు, వాటికి తోడు విడదీసే ఎక్కింపులు కూడా వచ్చి చేరతాయి. ఎంచుకోవడానికి ఉన్నవి పెరిగాయే తప్ప ఒక్కటి కూడా తగ్గలేదు, కాబట్టి వాటిలో అన్నిటికంటే మంచిది మునుపటికంటే తక్కువ కావడానికి వీలు లేదు. ఇలా నిబంధనను సడలించి వేసిన లెక్కను రిలాక్సేషన్ అంటారు. సడలించిన లెక్కలోనే ఒక కొమ్మకు 850 వచ్చిందనుకుందాం, మన చేతిలో అప్పటికే 900 ఉందనుకుందాం. ఆ కొమ్మలో ఎన్ని వేల కలయికలున్నా వాటిలో ఏదీ 850 దాటదని మనకు రుజువైపోయింది. ఆ రుజువు చేతిలో ఉంది కాబట్టే లోపలికి వెళ్లకుండా మూసేయగలుగుతున్నాం. ఇందులో అంచనాకు గాని అదృష్టానికి గాని చోటు లేదు.

ఇప్పుడు మీరు ఆపిన చోటు నుంచి లెక్కను ముందుకు తీసుకుపోదాం. చేతిలో 900 ఉంది, ఇంకా తెరవని కొమ్మలు రెండున్నాయి. మొదటిది కొబ్బరికాయలు వేసే కొమ్మ. కొబ్బరికాయలకు 5 క్వింటాళ్లు పోగా మిగిలిన చోటులో జీడిపప్పు 5 క్వింటాళ్లు పడుతుంది, 500కు 550 కలిపితే 1050. అది 900 కంటే ఎక్కువ, కాబట్టి దానిని మూయడానికి మనకు హక్కు లేదు. జీడిపప్పు విడిపోయింది కాబట్టి దాని మీద మళ్లీ రెండు కొమ్మలు చేయాలి. జీడిపప్పు పూర్తిగా వేస్తే మొత్తం 11 క్వింటాళ్లు అవుతుంది, అది సాధ్యం కాదు, ఆ కొమ్మ పోయింది. జీడిపప్పు వేయకపోతే కొబ్బరికాయలు, తాళ్లు నిండుగా పట్టి 980 వస్తుంది. మీ మామయ్యగారు చెప్పింది ఇదే. చేతిలో ఉన్నది 900 నుంచి 980 అయింది.

రెండవది, కొబ్బరికాయలు వేయకుండా తాళ్లు వేసే కొమ్మ. తాళ్లకు 480, దానితో జీడిపప్పు 5 క్వింటాళ్లకు 550, మొత్తం 1030. ఇది కూడా 980 కంటే ఎక్కువే కాబట్టి తెరవక తప్పదు. జీడిపప్పు పూర్తిగా వేస్తే మళ్లీ 11 క్వింటాళ్లు, సాధ్యం కాదు. వేయకపోతే తాళ్లు, చింతపండు కలిసి 720, అది 980 కంటే తక్కువ. తెరవవలసిన కొమ్మ ఇక లేదు. 980 ఉత్తమమని ఇప్పుడు చెప్పవచ్చు, అంతకు ముందు చెప్పకూడదు.

ఒక కొమ్మను మూయడానికి కారణాలు మూడే: అది సాధ్యం కాకపోవడం, దాని సడలించిన సమాధానమే విడిపోకుండా పూర్తిగా రావడం, దాని హద్దు చేతిలో ఉన్నదానిని మించకపోవడం. మీరు ఒక కొమ్మను రెండవ కారణంతో సరిగ్గానే మూశారు, ఆ మూతను మిగతా కొమ్మలన్నిటికీ వర్తింపజేశారు.

సువర్ణముఖి, బొబ్బిలి

పైన మాస్టారు చెప్పినదానిలో మార్చవలసింది ఏమీ లేదు. మూడవ సందేహానికి నేను సమాధానం రాస్తాను, ఎందుకంటే సరుకు రవాణా ప్రణాళికలు వేయడం నా రోజువారీ పని, ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ అక్కడే కనిపిస్తాయి.

మాస్టారు చేసిన లెక్కలో మొదటిదానితో కలిపి 9 నోడ్లు, అంటే ఆగి లెక్క వేసి చూసిన చోట్లు, వచ్చాయి. 16 కలయికలకు బదులు 9 అంటే పెద్ద లాభం కాదని మీకు అనిపించవచ్చు, అలా అనిపించడం సహజమే. ఇప్పుడు అదే లెక్కను కొమ్మలు చేసే చోటు మార్చి చేసి చూడండి. విడిపోయిన కొబ్బరికాయల మీద కాకుండా, అన్నిటికంటే బరువైన జీడిపప్పు మీద మొదటి కొమ్మలు చేద్దాం. జీడిపప్పు వేయని కొమ్మలో కొబ్బరికాయలు, తాళ్లు పూర్తిగా పట్టి 980 వెంటనే చేతికి వచ్చేస్తుంది. జీడిపప్పు వేసే కొమ్మలో మిగిలేది 4 క్వింటాళ్ల చోటు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి: 5 క్వింటాళ్ల కొబ్బరికాయల లోడు గాని, 5 క్వింటాళ్ల తాళ్ల లోడు గాని ఆ చోటులో ఎలాగూ పట్టవు. పట్టని లోడును విడదీసి హద్దు లెక్కలో కలుపుకోవడం వల్ల మనకు ఒరిగేది లేదు, కాబట్టి వాటిని ముందే తీసివేయవచ్చు. అప్పుడు మిగిలేది చింతపండు ఒక్కటే, హద్దు 1060 నుంచి 900కు పడిపోతుంది. 900 అనేది 980 కంటే తక్కువ, కొమ్మ మూతపడింది. మొత్తం 3 నోడ్లతో పని పూర్తయింది.

అవే నాలుగు లోడ్లు, అదే వ్యాను. ఒకచోట 9, ఒకచోట 3. హద్దు అసలు సమాధానానికి ఎంత దగ్గరగా ఉంటే అంత తొందరగా కొమ్మలు మూతపడతాయి, వదులుగా ఉంటే దాదాపు అన్నిటినీ తెరవవలసి వస్తుంది. నా అనుభవంలో ఈ పద్ధతి నేర్చుకునేవారు కొమ్మలు చేయడం మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా హద్దును బిగించడం మీద పెట్టరు, కాని పని జరిగేది అక్కడే.

లోడ్ల సంఖ్య పెరిగినప్పుడు ఈ తేడా ఎంత అవుతుందో చూడండి. 40 లోడ్లు ఉంటే కలయికలు దాదాపు 1,09,951 కోట్లు. సెకనుకు 10 లక్షల కలయికలు పరిశీలించే కంప్యూటరుకు కూడా అవన్నీ చూడడానికి సుమారు 13 రోజులు పడుతుంది. 50 లోడ్లయితే 35 ఏళ్లు దాటుతుంది. మంచి హద్దు ఉన్న బ్రాంచ్ అండ్ బౌండ్ అలాంటి లెక్కలను చాలాసార్లు చిటికెలో తేల్చేస్తుంది. అయితే ప్రతిసారీ అలా జరుగుతుందన్న హామీ మాత్రం లేదు. హద్దులు ఏ కొమ్మనూ మూయలేని లెక్క ఎదురైతే ఈ పద్ధతి కూడా కలయికలన్నీ చూసే పనికే తిరిగి వస్తుంది. పరీక్షలో రాసేటప్పుడు ఈ రెండు వాక్యాలూ రాయండి, ఒకటి రాసి ఒకటి వదలకండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి, పనిలో ఉన్నవాళ్లకు ఇది చాలా విలువైనది. మాస్టారి లెక్కలో 980 చేతికి వచ్చిన క్షణంలో తెరవకుండా మిగిలిన కొమ్మ హద్దు 1030. వ్యాను అప్పుడే బయలుదేరవలసి వచ్చిందనుకోండి, లెక్క ఇంకా పూర్తి కాలేదు. అయినా 980తో బయలుదేరితే ఎక్కువలో ఎక్కువ 50 రూపాయలు మాత్రమే నష్టపోతామని అప్పటికే రుజువుతో సహా తెలుసు. పైగా కిరాయిలన్నీ 20తో భాగించబడే అంకెలు కాబట్టి ఏ కలయిక మొత్తమైనా 20 గుణిజమే కావాలి, అందువల్ల 1030 హద్దును 1020కి దించవచ్చు, నష్టానికి హద్దు 40 అవుతుంది. చేతిలో ఉన్నదానికీ హద్దుకూ మధ్య ఉన్న ఈ ఎడాన్ని గ్యాప్ అంటారు. మధ్యలో ఆపినా ఎంత దూరంలో ఉన్నామో చెప్పగలగడం వల్లనే మా పనిలో ఈ పద్ధతిని నమ్ముకుంటాం.

వంశధార, శ్రీకాకుళం

మాస్టారికీ, సువర్ణముఖి గారికీ ధన్యవాదాలు. మీరిద్దరూ చూపిన రెండు చెట్లనూ ఒకే కాగితం మీద పక్కపక్కన గీసుకున్నాను. నేను మొదట 1044 వైపు కాకుండా 1050 వైపు దిగి ఉంటే 980 ముందే దొరికేదని కూడా గమనించాను. ఇంకొక్క సందేహం మిగిలింది. మాకు వచ్చే వారం ఊళ్లన్నీ తిరిగి బయలుదేరిన చోటికి చేరే లెక్క ఉంది. అందులో కావలసింది ఎక్కువ కిరాయి కాదు, తక్కువ దూరం. అప్పుడు హద్దు ఎటువైపు ఉంటుంది, దేనిని సడలించాలి?

చంపావతి, విజయనగరం

తక్కువ కావలసిన లెక్కలో అంతా తిరగబడుతుంది. కొమ్మకు వేయవలసింది దిగువ హద్దు, అంటే ఈ కొమ్మలో ఏ దారి పట్టినా ఇంతకంటే తక్కువలో తిరిగి రాలేమని చెప్పే అంకె. ఆ అంకె చేతిలో ఉన్న దారి పొడవుకు సమానమైనా, దాన్ని మించినా కొమ్మను మూసేయవచ్చు.

మన ప్రాంతపు ఊళ్లతోనే చెబుతాను. శ్రీకాకుళం, ఆమదాలవలస, పాలకొండ, రాజాం, చీపురుపల్లి ఈ అయిదింటినీ ఒక్కొక్కసారి చూసి బయలుదేరిన చోటికి రావాలి. దారి ఏదైనా ప్రతి ఊరి నుంచి ఒక్కసారి బయటికి వెళ్లక తప్పదు. కాబట్టి ప్రతి ఊరికీ దాని నుంచి అతి దగ్గరి ఊరికి ఉన్న దూరాన్ని తీసుకుని అయిదింటినీ కలపండి. ఏ ప్రయాణమూ ఆ మొత్తం కంటే తక్కువ కాలేదు, అదే మీ మొదటి దిగువ హద్దు.

ఇక్కడ సడలింది ఏమిటో చూడాలి. ఈ అయిదింటిలో శ్రీకాకుళానికి అతి దగ్గరిది ఆమదాలవలస, ఆమదాలవలసకు అతి దగ్గరిది శ్రీకాకుళం. లెక్క ప్రకారం వెళితే బండి ఆ రెండు ఊళ్ల మధ్యే తిరుగుతూ ఉండిపోతుంది, పాలకొండ ఎప్పటికీ రాదు. అది ప్రయాణమే కాదు. అయినా హద్దుగా దాని విలువ చెడదు, ఎందుకంటే నిజమైన ప్రయాణాలన్నీ పాటించే నిబంధనలో ఒక భాగాన్ని మాత్రమే మనం ఉంచాం, అన్నీ ఒకే చుట్టుగా ఉండాలన్న భాగాన్ని వదిలాం. తరువాత శ్రీకాకుళం నుంచి నేరుగా ఆమదాలవలసకు వెళ్లే కొమ్మ, వెళ్లని కొమ్మ అని రెండు చేయండి. వెళ్లే కొమ్మలో వెంటనే వెనక్కి రావడాన్ని నిషేధించండి, ఆమదాలవలస తన రెండవ దగ్గరి ఊరిని తీసుకోవలసి వస్తుంది, హద్దు పెరుగుతుంది. వెళ్లని కొమ్మలో శ్రీకాకుళం తన రెండవ దగ్గరి ఊరిని తీసుకుంటుంది, అక్కడా పెరుగుతుంది. మీ లెక్కలో లోడు విడిపోయిన చోట కొమ్మలు చేశారు, ఇక్కడ చిన్న చుట్టు ఏర్పడిన చోట చేస్తున్నాం.

ఈ పద్ధతి పుట్టుక కూడా తెలుసుకుంటే మంచిది. పూర్ణాంకాలతో సమాధానం రావలసిన లెక్కలకు దీనిని 1960లో ఐల్సా ల్యాండ్, ఆలిసన్ డాయిగ్ అనే ఇద్దరు మహిళలు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి ప్రకటించారు. అప్పటికి దానికి ఈ పేరు లేదు. 1963లో జాన్ లిటిల్, కట్టా జి. మూర్తి, డ్యూరా స్వీనీ, కారొలిన్ కారెల్ అనే నలుగురు ఊళ్లు తిరిగే లెక్క మీద రాసిన వ్యాసంతో బ్రాంచ్ అండ్ బౌండ్ అన్న పేరు స్థిరపడింది. మీకు వచ్చే వారం ఉన్న లెక్క వారు చేసిన లెక్కే. ఆ నలుగురిలో ఒక తెలుగు ఇంటిపేరు కనిపించడం నాకు ప్రతిసారీ సంతోషం కలిగిస్తుంది, తరగతిలో ఆ పేరును బోర్డు మీద రాయకుండా ఈ పాఠం ఎప్పుడూ ముగించలేదు.

వంశధార, శ్రీకాకుళం

మాస్టారూ, అయిదు ఊళ్ల లెక్క మొదలుపెట్టాను. ఈలోగా వ్యాను లెక్కలో ఒక మార్పు చేసి చూశాను, సరిగ్గా ఉందో లేదో చెప్పండి.

ఇందాక మామయ్యకు ఫోను చేస్తే, ఎవరో పనసపండ్లు ఒక క్వింటాలు తెచ్చి పెట్టారని అన్నారు. దానిని అయిదవ లోడుగా చేర్చి, కిరాయి 90 వేసుకున్నాను. సువర్ణముఖి గారు చెప్పినట్టు జీడిపప్పు మీదే మొదటి కొమ్మలు చేశాను. జీడిపప్పు వేయని కొమ్మలో కొబ్బరికాయలు, తాళ్లు పట్టి బండి నిండిపోయింది, పనసపండ్లకు చోటు లేదు, 980. జీడిపప్పు వేసే కొమ్మలో కొబ్బరికాయలు, తాళ్లు పట్టవు కాబట్టి వాటిని ముందే తీసేశాను. మిగిలిన 4 క్వింటాళ్లలో పనసపండ్లు 1, చింతపండు 3 విడిపోకుండా పట్టాయి. 660, 90, 240 కలిపి 990. మొత్తం 3 నోడ్లు, కలయికలు 32.

మొన్న నేను తొందరపడి ఆపేసిన జీడిపప్పు, చింతపండు జతే ఈసారి పనసపండ్లతో కలిసి గెలిచింది. అయితే ఈసారి జీడిపప్పు వేయని కొమ్మ హద్దు 980 అని రాసి, దాని కింద గీత గీసి, ఆ తరువాతే 990 చుట్టూ సున్నా చుట్టాను. కాగితం ఫొటో తీసి మామయ్యకు పంపాను.